టెక్ సందేహాలు: వర్చువల్ మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోతోందా? మళ్లీ స్టార్ట్ చేసే ముందు లాగ్ చూడండి

ప్రశ్న: సార్, నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది తణుకు. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. ప్రాజెక్టు కోసం వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే ప్రోగ్రాము) ఉబుంటు (విండోస్ లాంటిదే, లినక్స్ రకం) వేసుకుని దానికి 5 జీబీ ర్యామ్ ఇచ్చాను. పావుగంటో అరగంటో బాగానే నడుస్తుంది. తర్వాత ఉబుంటు విండో ఒక్కసారిగా మాయమైపోతుంది. వర్చువల్‌బాక్స్‌లో ఆ మెషీన్ పేరు కింద ‘అబార్టెడ్’ అని ఉంటుంది. ఇప్పటికి మూడుసార్లు అంతా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. వచ్చే నెల రివ్యూ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: నాలుగోసారి మాత్రం ఇన్‌స్టాల్ చేయకండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది. పైగా తీసేసినప్పుడల్లా, తప్పెక్కడుందో చెప్పే ఆధారాలు కూడా పోతున్నాయి.

ఇంకో పని చేసే ముందు మీ ప్రాజెక్టు ఫైళ్లను ఉబుంటులోంచి బయటికి తెచ్చుకోండి. పెన్‌డ్రైవ్, గిట్, గూగుల్ డ్రైవ్, ఏదైనా సరే. పావుగంట నడుస్తోందన్నారు కదా, అది చాలు. ఇలా ఆగిపోయిన ప్రతిసారీ ఉబుంటుకు అది కరెంటు పోయినట్టే. పదేపదే అలా జరిగితే లోపలి ఫైల్‌సిస్టమ్ దెబ్బతినవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వర్చువల్ మెషీన్ ఆగిపోయిందంటే మూడింటిలో ఏదో ఒకటి ఆగిపోయినట్టు. లోపలున్న ఉబుంటు కావచ్చు, దాన్ని నడిపే వర్చువల్‌బాక్స్ కావచ్చు, కింద ఉన్న విండోస్ కావచ్చు. ఏది ఆగిందో తేలితే సగం పని అయిపోయినట్టే. ఉబుంటు ఆగిపోతే విండో అలాగే ఉంటుంది, లోపల తెర నల్లబడుతుంది లేదా బిగుసుకుపోతుంది. వర్చువల్‌బాక్స్ ఇంజిన్ తను కోలుకోలేని తప్పులో చిక్కుకుంటే ‘గురు మెడిటేషన్’ అని చూపించి మెషీన్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. (1985లో వచ్చిన అమీగా కంప్యూటర్లలో క్రాష్ అయితే ఇదే మాట కనిపించేది. పేరు అక్కడిదే.) మీకు వస్తున్న ‘అబార్టెడ్’ వేరు. విండోస్‌లో ఆ మెషీన్‌ను నడుపుతున్న ప్రోగ్రామే మధ్యలో చచ్చిపోయిందని దాని అర్థం. కాబట్టి ఉబుంటును అనుమానించడం మానేసి కింద వెతకాలి. మీరు మూడుసార్లు ఇన్‌స్టాల్ చేసినా మార్పు రాకపోవడానికి కారణం ఇదే.

ఆధారం ఎక్కడ దొరుకుతుందంటే, వర్చువల్‌బాక్స్‌లో మెషీన్ పేరు మీద రైట్ క్లిక్ చేస్తే ‘షో లాగ్’ అని వస్తుంది. లాగ్ అంటే మెషీన్‌లో ఏమేం జరిగిందో వరసగా రాసి ఉండే డైరీ. మెషీన్ ఫోల్డర్‌లో ‘లాగ్స్’ అనే ఫోల్డర్‌లో ఉండే ఫైలే అది. మామూలుగా ఇప్పటి లాగ్ ఒకటి, పాతవి మూడు మాత్రమే ఉంటాయి. అంటే క్రాష్ అయ్యాక కంగారులో నాలుగుసార్లు స్టార్ట్ చేశారంటే, మనకు కావలసిన లాగ్ చెరిగిపోయినట్టే. అందుకే క్రాష్ అవగానే ముందు ఆ ఫోల్డర్‌ను డెస్క్‌టాప్ మీదకు కాపీ చేసుకోండి, స్టార్ట్ చేయడం ఆ తర్వాత.

లాగ్ తెరిస్తే వేల లైన్లు ఉంటాయి, భయపడొద్దు. ప్రతి లైను మొదట్లో గంటలు, నిమిషాలు, సెకన్లు ఉంటాయి. అది గోడ గడియారం టైమ్ కాదు, మెషీన్ స్టార్ట్ అయ్యాక గడిచిన టైమ్. నేరుగా అట్టడుగుకు వెళ్లండి. సరిగ్గా షట్‌డౌన్ అయిన మెషీన్ లాగ్‌లో చివర ‘రన్నింగ్’ నుంచి ‘పవరింగ్ ఆఫ్’కు, అక్కడి నుంచి ‘టెర్మినేటెడ్’కు మారినట్టు లైన్లు ఉంటాయి. హఠాత్తుగా చచ్చిపోయిన దాని లాగ్ అలా ముగియదు. పదిహేడో నిమిషం దగ్గర ఏదో మామూలు లైను రాసి, ఆ తర్వాత ఏమీ లేకుండా తెగిపోతుంది. మీ లాగ్ కూడా అలా తెగి ఉంటే, చంపింది బయటివారే.

అప్పుడు విండోస్‌ను అడగాలి. స్టార్ట్‌లో ‘ఈవెంట్ వ్యూయర్’ అని టైప్ చేసి తెరవండి. విండోస్ లాగ్స్‌లో ‘అప్లికేషన్’, ‘సిస్టమ్’ అని రెండు ఉంటాయి. మెషీన్ ఆగిపోయిన టైమ్ దగ్గర రెండింట్లోనూ చూడండి. సిస్టమ్‌లో ‘రిసోర్స్ ఎగ్జాషన్ డిటెక్టర్’ పేరుతో, 2004 నంబరుతో ఎంట్రీ కనిపిస్తే విండోస్‌కు మెమరీ చాలలేదన్నమాట. ఎక్కువ మెమరీ తీసుకున్న ప్రోగ్రాముల పేర్లు కూడా అందులోనే రాసి ఉంటాయి. వాటిలో వర్చువల్‌బాక్స్, క్రోమ్ పక్కపక్కన కనబడితే నేనేం ఆశ్చర్యపోను.

మీ లెక్క ఒకసారి చూడండి. 8 జీబీలో 5 ఉబుంటుకు పోతే మిగిలింది 3. విండోస్ 11కు కనీసం 4 జీబీ ఉండాలని మైక్రోసాఫ్టే చెబుతుంది. దాని మీద క్రోమ్‌లో పది ట్యాబ్‌లు, ఒక యూట్యూబ్ పాఠం. చాలని మెమరీని విండోస్ ఎస్‌ఎస్‌డీ మీద పేజ్ ఫైల్‌లో సర్దుకుంటుంది. సీ డ్రైవ్ కూడా నిండిపోతే ఆ ఫైలు పెరగడానికీ చోటుండదు. అడిగిన మెమరీ దొరకని ప్రోగ్రాము అక్కడే కూలిపోతుంది. పావుగంట బాగా నడిచి తర్వాత పడిపోవడం ఈ కథకు సరిగ్గా సరిపోతుంది. స్టార్ట్ చేయగానే ఉబుంటు తనకిచ్చిన 5 జీబీని మొత్తం వాడదు, పని పెరిగేకొద్దీ వాడుతుంది.

అందుకని మెషీన్ సెట్టింగ్స్‌లో బేస్ మెమరీని 3 జీబీకి తగ్గించండి. ఉబుంటు డెస్క్‌టాప్‌కు 4 జీబీ, అంతకన్నా ఎక్కువే కావాలంటారు కాబట్టి 3లో అది కాస్త ఈడుస్తుంది. నన్నడిగితే ఆ చోట జుబుంటు గానీ లుబుంటు గానీ వేసుకోమంటాను. అవీ ఉబుంటే, పైన కనిపించే డెస్క్‌టాప్ మాత్రమే తేలిక. మీ ప్రాజెక్టుకు అవసరమైన ప్యాకేజీలన్నీ వాటిలోనూ వస్తాయి. ఈ ఒక్కసారికి ఇన్‌స్టాల్ చేయడంలో అర్థముంది. వీలైతే ఇంకో 8 జీబీ ర్యామ్ పెట్టించుకోండి. వర్చువల్ మెషీన్లతో పనిచేసే విద్యార్థికి అంతకన్నా మంచి ఖర్చు లేదు.

సీ డ్రైవ్ కూడా చూసుకోండి. వర్చువల్ డిస్కు మొదట చిన్నదిగా ఉండి వాడేకొద్దీ పెరుగుతుంది. లోపల ఫైళ్లు డిలీట్ చేసినా బయట ఫైలు సైజు తగ్గదు. స్నాప్‌షాట్లు (మెషీన్ ఒక క్షణంలో ఎలా ఉందో అలా దాచుకునే నకళ్లు) తీసి ఉంటే ప్రతిదానికీ ఇంకో ఫైలు పెరుగుతుంటుంది. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: చోటు కోసం స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లను చేత్తో డిలీట్ చేయకండి. అవి ఒకదానికొకటి గొలుసులా ముడిపడి ఉంటాయి, ఒకటి తెగితే మెషీన్ మొత్తం తెరుచుకోదు. వర్చువల్‌బాక్స్‌లోనే స్నాప్‌షాట్స్ పేజీకి వెళ్లి అక్కడి నుంచి తీసేయండి. రెండు ఫైళ్లను కలపడానికి దానికి తాత్కాలికంగా చోటు కావాలి. అందుకని డౌన్‌లోడ్స్ లాంటివి ముందు ఖాళీ చేసి ఈ పని మొదలుపెట్టండి.

మెమరీ, డిస్కు రెండూ సరిచేశాక కూడా పడిపోతుంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘త్రీడీ యాక్సిలరేషన్’ టిక్ తీసి చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌తో పడక చచ్చిపోయే మెషీన్లు దానితో నిలబడతాయి. ఒక్కోసారి ఒక్క సెట్టింగే మార్చి ఒక పూట వాడి చూడండి. నాలుగు ఒకేసారి మారిస్తే దేనితో బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

ఆ తర్వాత తాబేలు సంగతి. మెషీన్ నడుస్తున్నప్పుడు విండో కింద కుడివైపు బొమ్మల వరసలో ఆకుపచ్చ తాబేలు కనిపిస్తోందా? అంటే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను (వర్చువల్ మెషీన్లు నడిపే సదుపాయాన్ని) విండోస్ తన సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ హైపర్-వి కోసం ముందే తీసుకుంది, వర్చువల్‌బాక్స్ దాని వెనక నిలబడి పని చేస్తోంది. నెమ్మదిగా నడవడం, కొన్నిచోట్ల అస్థిరంగా ఉండడం దీనివల్లే. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వి, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ తీసేయమనీ, కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆపేయమనీ చాలామంది మొదటి సలహాగా చెబుతారు. నేను ఆఖరి సలహాగా చెబుతాను. మెమరీ ఇంటెగ్రిటీ మీ ల్యాప్‌టాప్ భద్రత కోసం పెట్టింది. వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ తీసేస్తే డబ్ల్యూఎస్‌ఎల్ 2 (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు), దాని మీద నడిచే డాకర్ అనే ప్రోగ్రాము ఆగిపోతాయి. బయోస్ (విండోస్ కన్నా ముందు మొదలయ్యే ప్రోగ్రాము) సెట్టింగులు ముట్టుకోవాల్సి వస్తే ముందు మీ బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ల్యాప్‌టాప్ తెరుచుకోక పులి మీద పుట్ర అవుతుంది.

ఇవేవీ కాకుండా, ఒకసారి పని మధ్యలో, ఒకసారి ఖాళీగా ఉన్నప్పుడు, ఒక వరస లేకుండా పడిపోతుంటే ర్యామ్‌నే అనుమానించండి. నాకు ఇది అనుభవం. నా డెస్క్‌టాప్‌కు ఇంకో ర్యామ్ స్టిక్ కొని పెట్టిన వారానికే వర్చువల్ మెషీన్లు పడిపోవడం మొదలైంది. బ్రౌజర్, వర్డ్ అన్నీ బాగానే ఉన్నాయి కాబట్టి ర్యామ్ మీదకు నా దృష్టి పోలేదు. మూడు వారాలు సెట్టింగులతో కుస్తీ పట్టాను. చివరికి ఒక రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే తెర నిండా ఎర్ర లైన్లు! కొత్త స్టిక్ తీసేశాను, మెషీన్లు మళ్లీ పడలేదు. మామూలు ప్రోగ్రాములు చాలావరకు కొద్ది మెమరీతో సరిపెట్టుకుంటాయి. వర్చువల్ మెషీన్ జీబీలకు జీబీలు పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి పాడైన చోటు దాని వాటాలో పడే అవకాశం ఎక్కువ. మీరు స్టార్ట్‌లో ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ అని టైప్ చేసి మొదలుపెట్టండి.

ప్రశ్న: మాది ఖమ్మంలో డీటీపీ షాపు. పాత పెళ్లి కార్డుల ఫైళ్లు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉన్నాయి. వాటికోసం విండోస్ ఎక్స్‌పీని వర్చువల్‌బాక్స్‌లో పెట్టుకున్నాం. కొత్త కంప్యూటర్ కొని ఆ డిస్కు ఫైలును మాత్రమే కాపీ చేసి కొత్త మెషీన్‌కు తగిలిస్తే, ఎక్స్‌పీ లోగో వచ్చి వెంటనే నీలం తెర వస్తోంది. చివర 7బి అని ఉంది.

జవాబు: మీ ఫైళ్లకేమీ కాలేదు, నిశ్చింతగా ఉండండి. 7బి అంటే విండోస్‌కు తన డిస్కు దొరకడం లేదని. ఎక్స్‌పీ పాత మెషీన్‌లో ఐడీఈ కంట్రోలర్ (డిస్కును కంప్యూటర్‌కు కలిపే పాత పద్ధతి) మీద పెరిగింది. కొత్త మెషీన్‌లో డిస్కు సాటా (దాని తర్వాత వచ్చిన పద్ధతి) మీద తగిలించి ఉంటారు, దానికి డ్రైవర్ ఎక్స్‌పీలో లేదు. మెషీన్ ఆపి, సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు వెళ్లి, సాటా కింద నుంచి డిస్కును తీసి, ఐడీఈ కంట్రోలర్ చేర్చి దాని కింద తగిలించండి. సిస్టమ్ పేజీలో ‘ఐఓ ఏపీఐసీ’ టిక్ కూడా పాత కంప్యూటర్‌లో ఎలా ఉందో అలాగే ఉంచండి. పాత కంప్యూటర్ ఇంకా ఉంటే, ఈసారి డిస్కు ఫైలు ఒక్కటే కాకుండా మెషీన్ ఫోల్డర్ మొత్తం తెచ్చుకోండి, సెట్టింగులన్నీ దానితోపాటే వస్తాయి.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. కాబట్టి ఆ మెషీన్‌కు నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. ఫైళ్లు అటూ ఇటూ మార్చుకోవడానికి షేర్డ్ ఫోల్డర్ చాలు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఎం2 మ్యాక్‌బుక్ పంపాడు. నా పాత ల్యాప్‌టాప్‌లోని విండోస్ 10 వర్చువల్ మెషీన్‌ను దీనిలోకి తెచ్చుకుందామంటే స్టార్ట్ కావడం లేదు.

జవాబు: అది కాదండి, ఎన్ని సెట్టింగులు మార్చినా కాదు. పాత మెషీన్ ఇంటెల్ తరహా ప్రాసెసర్ కోసం తయారైంది, ఎం2 ఆర్మ్ అనే వేరే తరహా ప్రాసెసర్. 2024లో వచ్చిన వర్చువల్‌బాక్స్ 7.1 నుంచి ఆపిల్ చిప్‌ల మీద ఆర్మ్ మెషీన్లు నడుస్తాయి గానీ ఇంటెల్‌వి నడవవు. యూటీఎం అనే ఉచిత ప్రోగ్రాము ఇంటెల్ ప్రాసెసర్‌ను అనుకరించి నడపగలదు, కానీ విండోస్ 10ను అలా వాడడానికి చాలా ఓపిక కావాలి. పాత ల్యాప్‌టాప్ ఇంకా పని చేస్తుంటే ఆ మెషీన్‌ను దానిలోనే ఉంచి, కావలసిన ఫైళ్లను మాత్రం మ్యాక్‌లోకి తెచ్చుకోండి.