ఊరి కుర్రాళ్ల సేవాబృందం, జాతీయ పురస్కారం, మీ అబ్బాయి చదువు

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగరం దగ్గర పల్లె. మా అబ్బాయి పర్లాకిమిడిలో డిగ్రీ రెండో ఏడు. వంశధార పొంగినప్పుడల్లా పన్నెండుమంది కుర్రాళ్లతో కలిసి ముసలివాళ్లను బడికి చేర్చడం, మందులు తెచ్చిపెట్టడం చేస్తాడు. ఇప్పుడు జాతీయ అవార్డుకి దరఖాస్తు పెడతామంటున్నాడు. చదువు పాడవుతుందని నా భయం. ఉద్యోగానికి ఇదేమైనా పనికొస్తుందా?

జవాబు: మాన్పించకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ జిల్లాని ఎలా కుదిపేసిందో మీకు తెలుసు. అలాంటి రోజున ఇంటింటికీ వెళ్లేవాళ్లు ఊళ్లో ఉండటం చిన్న విషయం కాదు. కాకపోతే పని చేసే పద్ధతి మారాలి.

వాళ్ల పనికి బాగా సరిపోయేది విపత్తు నిర్వహణకు కేంద్రం ఇచ్చే సుభాష్ చంద్రబోస్ ఆపదా ప్రబంధన్ పురస్కార్. ఏటా జనవరి 23న ప్రకటిస్తారు. సంస్థకు 51 లక్షలు, వ్యక్తికి 5 లక్షలు. సంస్థకు వచ్చిన డబ్బు విపత్తు పనులకే వాడాలి. 2023లో ఒడిశా విపత్తు నిర్వహణ సంస్థతో పాటు మిజోరంలోని లుంగ్లే ఫైర్ స్టేషన్‌కి ఇది వచ్చింది. ఒక్క ఫైర్ స్టేషన్‌కి వచ్చిందంటే చిన్నవాళ్లకి తలుపు మూసి లేదన్నమాట. అయినా రికార్డు లేని బృందం ఈ ఏడే దీనికి పెట్టడం తొందరపాటు. 15 నుంచి 29 ఏళ్లవారికి రాష్ట్రీయ (అంటే జాతీయ) యువ పురస్కారం ఉంది: వ్యక్తికి లక్ష, సంస్థకు 3 లక్షలు. దరఖాస్తులు కేంద్రం నడిపే రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్లో.

మీ అబ్బాయికి అన్నిటికన్నా దగ్గరి దారి కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం). రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేయాలి. వాలంటీర్‌కి జాతీయ అవార్డు లక్ష రూపాయలు, వెండి పతకం. అవార్డుకి పేరు వెళ్లేది కాలేజీ, యూనివర్సిటీ మెట్లమీదుగానే. కాబట్టి కాలేజీలో ఈ పథకం చూసే ప్రోగ్రాం ఆఫీసర్‌ని రేపే కలవమనండి. వారానికి రెండు మూడు గంటల పని, పరీక్షల నెలలో సున్నా. ఈ లెక్కన చదువుకేమీ కాదు.

ఇక చేసిన పని రాసుకునే రిజిస్టరు. వందపేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. తేదీ, చోటు, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, వచ్చినవాళ్ల సంతకాలు, ఎన్ని ఇళ్లు, ఎంతమంది. ఆఖరి గడిలో సర్పంచో హెడ్‌మాస్టరో ఆశా కార్యకర్తో ఆరోజే సంతకం పెట్టాలి. ఏడాది తర్వాత ఒక్కసారే కూర్చుని ఒకే పెన్నుతో నింపిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది. ఫొటోలు మామూలుగా వాట్సాప్‌లో పంపుకుంటే తీసిన చోటు, సమయం వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపుకోండి, అసలు ఫైలు తేదీ పేరుతో ఫోల్డర్లో దాచండి.

బృందాన్ని 1860 సొసైటీల చట్టం కింద నమోదు చేయడానికి కనీసం ఏడుగురు కావాలి. తర్వాత సంస్థ పేరున పాన్, ఇద్దరి సంతకంతో నడిచే బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే పోర్టల్) నంబరు. మన తెలుగువాళ్లకి ఇబ్బంది ఇక్కడే. ఆధార్లో ఇంటిపేరు ముందు, ఒడియా బడి సర్టిఫికెట్లో చివర, పాన్‌లో ఒట్టి పొడి అక్షరం. మూడూ మూడు రకాలుంటే దర్పణ్ దగ్గరో బ్యాంకు దగ్గరో ఆగిపోతుంది. పదవుల్లో ఉండేవాళ్ల పేర్లు ముందే సరిచేయించండి, ఆ తర్వాతే బైలాస్ (సంస్థ నియమావళి) టైపు చేయించండి.

శిక్షణ కూడా కావాలి. ఈత రాని కుర్రాడు తాడు లేకుండా వరదలో దిగడం సేవ కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం. వాలంటీర్లకు విపత్తు సాయం నేర్పే ప్రభుత్వ పథకం ఆపదా మిత్ర; ఆ శిక్షణ ఎప్పుడుందో పర్లాకిమిడి కలెక్టరేట్లో అత్యవసర విభాగాన్ని అడగండి.

ఉద్యోగం సంగతి. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం)లోకి నేరుగా తీసుకుంటారనుకోకండి, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి బలగాల నుంచే డెప్యుటేషన్‌పై వస్తారు. డిగ్రీ అయ్యాక ఎంఎస్‌డబ్ల్యూ (సమాజసేవలో పీజీ) గానీ, ముంబై టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ)లో విపత్తు నిర్వహణ పీజీ గానీ చేస్తే స్వచ్ఛంద సంస్థల్లో, జిల్లా ప్రాజెక్టుల్లో పని దొరికే వీలుంది. అవార్డు రాకపోయినా రిజిస్టరు ఇంటర్వ్యూలో అక్కరకొస్తుంది. బయోడేటాలో ‘సమాజసేవ’ అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. ‘వరద హెచ్చరిక వచ్చిన మూడు గంటల్లో మంచంపట్టిన తొమ్మిదిమందిని బడికి చేర్చే ప్రణాళిక తయారుచేశాను’ లాంటి వాక్యం, అది నిజమైతేనే, రాయమనండి. మీ ఊళ్లో అలా మంచంపట్టినవాళ్ల పేర్లు, మందుల వివరాలు ఈ వానలకు ముందే ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటే రిజిస్టరులో మొదటి పేజీ అదే అవుతుంది.