కట్టు, బంధం: ఒక యువ రచయితకు లేఖ

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. తండ్రి కొడుకు చెప్పుల వైపు చూసి ఏమీ అనకుండా లేచిపోయే చోటు బాగుంది. ఈ ఉత్తరం మాత్రం దాని గురించి కాదు. ఆరు పేజీల్లో ‘బంధం’ పదిహేడుసార్లు వచ్చింది. పెన్సిలుతో గుర్తు పెట్టి లెక్కించాను. పైగా నీ పంతులుగారు ‘కట్టు అనేది బంధానికి మోటు రూపం’ అంటారు, కథలో ఎవరూ ఆయనను కాదనరు. నేను కాదంటున్నాను.

కట్టు దేనికీ వికృతి కాదు. తమిళంలో, కన్నడంలో అదే మాట అదే రూపంలో ఉంది, మలయాళంలో కెట్టు అయింది. మన ధాతువులు సంస్కృతం నుంచి పుట్టినవి కావని మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ 1816లోనే పట్టికలు వేసి చూపించాడు. ‘బంధ్’ వేరే వంశం. దానికి పారసీకంలో ‘బంద్’, ఇంగ్లీషులో ‘బైండ్’ దాయాదులు. అందుకే బంధువు ఒక దారిన, బందోబస్తు ఇంకో దారిన, బాండు కాగితం మరో దారిన మన భాషలోకి వచ్చాయి.

కట్టు ఎన్ని పనులు చేస్తుందో చూడు. గాయానికి కడతాం, ఇల్లు కడతాం, చీర కడతాం, పన్ను కడతాం, వెల కడతాం, పాట కడతాం. నెత్తురు గడ్డ కడుతుంది. కళ్లను కట్టేస్తే కనికట్టు. ఉయ్యాల కట్టాలి, పాడె కూడా కట్టాలి. ‘బంధం’ అన్నప్పుడు మనుషుల చేతులు కనబడవు. ‘కట్టాడు’ అంటే ఎవరు, దేన్ని, ఎందుకు అని వాక్యమే అడుగుతుంది.

నా మొదటి కథలో ‘నాన్న కడుపు కట్టుకుని ఇల్లు కట్టాడు’ అని రాశాను. సంపాదకుడు దాన్ని ‘తండ్రి ఆకలిని నియంత్రించుకొని గృహమును నిర్మించెను’ అని దిద్ది వేశాడు. ఆ సంచిక నాన్నకు చూపించలేదు. ఆయన పోయేదాకా చూపించలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు నేనూ ‘నిర్మించాను’, అచ్చు కావాలన్న ఆశతో. ఆ నాలుగేళ్ల కథల్లో ఒక్కటీ ఇప్పుడు నా దగ్గర ఉంచుకోలేదు. ఇవాళ సంపాదకులు మారారు, మోజు మారలేదు. ఏ పత్రిక తెరిచినా బంధం, అనుబంధం, బంధనం అనే శీర్షికలే.

సంస్కృతం మీద నాకు కోపం లేదు. ‘సన్నద్ధం’లో ఉన్న ‘నహ్’ ధాతువుకు కట్టడమనే అర్థం. కవచం బిగించుకున్నవాడు సన్నద్ధుడు. మనం నడుం కట్టడం అనేదీ అదే బొమ్మ. ‘గ్రంథం’లోనూ ముడి ఉంది, గ్రంథి అంటే ముడే. ఆ ముడి తెలిసి వాడితే ఆ మాటలూ బతుకుతాయి. నీ కథలో కొడుకు ‘నిద్రకు సన్నద్ధుడయ్యాడు’. నిద్రపోబోయేవాడు కట్టుకున్నవి విప్పుతాడు కదా!

బ్రౌన్ 1852 నిఘంటువు, 1885 నాటి తెలుగు నిఘంటువు శబ్దరత్నాకరం తెరిచి ‘కట్టు’ దగ్గర ఒక సాయంత్రం కూర్చో.

నీ కథలో తండ్రి తాపీ మేస్త్రీ. ఆరు పేజీల్లో ఆయన ఒక్క గోడ కూడా కట్టలేదు. మూడో పేజీలో పంతులుగారి మాటలు తీసేసి, అక్కడ ఆయన చేత గోడ కట్టించి నాకు పంపు.