రాత్రి ఒంటిగంటన్నరకు పొగ ఎక్కడిది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఇంట్లో గాలి నాణ్యతను కొలిచే చిన్న పరికరాలు కొనుక్కున్నవారు ఈ మధ్య మాకు తరచుగా రాస్తున్నారు. అంకెలు తెర మీద కనిపిస్తున్నంతసేపూ ఎవరికీ ఇబ్బంది లేదు. పాత అంకెలు కావలసివచ్చినప్పుడే చిక్కు మొదలవుతోంది. ఈసారి శీర్షికను ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మావారికి ఉబ్బసం ఉంది. ఇంట్లో గాలి కొలిచే పరికరం ఉందని చెబితే, రెండు నెలల లెక్కలు కాగితం మీద తీసుకురమ్మని డాక్టరు గారు అన్నారు. యాప్‌లో గ్రాఫు ఉంది గానీ, వారం దాటి వెనక్కి వెళితే ఎగుడుదిగుడులన్నీ పోయి గీత నున్నగా అయిపోతోంది. మా అబ్బాయి ఎక్స్‌పోర్ట్ నొక్కితే మెయిల్‌కు ఒక ఫైలు వచ్చింది. అందులో దాదాపు ప్రతిరోజూ రాత్రి ఒంటిగంటన్నరకు పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నని ధూళి అంకె, నూట ఎనభై దాకా వెళుతోంది. ఆ వేళకు మేమందరం నిద్రలో ఉంటాము. పక్కనున్న ఖాళీ స్థలంలో ఎవరో రాత్రిళ్లు చెత్త తగలబెడుతున్నారని మా అనుమానం. ఈ ఫైలు చూపించి కాలనీ సంఘంలో అడగవచ్చా?
– ఒక పాఠకురాలు, నాచారం, హైదరాబాదు

జవాబు: సంఘం వారి దగ్గరికి వెళ్లేముందు ఒక్క మాట చెప్పండి. మీ ఇంట్లో ఉదయం ఏడు గంటలకు తాలింపు వేస్తారా? వేస్తారనే మా ఊహ. ఎందుకంటే చాలా పరికరాలు తమ రీడింగులను మన గడియారం ప్రకారం కాక యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానం ప్రకారం సర్వర్లో దాచుకుంటాయి. యాప్ వాటిని చూపించేటప్పుడు మీ ఫోను ఏ దేశంలో ఉందో చూసుకుని భారత కాలమానంలోకి మార్చి చూపిస్తుంది గానీ, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో చాలాసార్లు ఆ మార్పు జరగదు. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక, మీ వంటింట్లో ఏడింటికి ఎండుమిర్చి చిటపటలాడినప్పుడు లేచిన పొగ ఫైలులో 01:30 దగ్గర నమోదవుతుంది. సాయంత్రం ఏడున్నరకు దేవుడి దగ్గర అగరువత్తి వెలిగించే అలవాటు ఉంటే, మధ్యాహ్నం రెండు గంటల దగ్గర కూడా ఒక చిన్న గుట్ట కనిపించాలి. చూడండి.

మా ఊహను నమ్మనక్కరలేదు, పరీక్షించి చూడవచ్చు. ఒక అగరువత్తిని పరికరానికి రెండు అడుగుల దూరంలో వెలిగించి, గోడగడియారం చూసి ఆ సమయం కాగితం మీద రాసుకుని, మర్నాడు ఆ రోజు ఫైలును మాత్రమే దింపుకుని, అంకెలు ఏ వరుస దగ్గర పైకి లేచాయో చూడండి. మీరు రాసుకున్న సమయానికీ ఫైలులోని సమయానికీ సరిగ్గా ఐదున్నర గంటల తేడా ఉంటే అనుమానం తీరినట్టే. పాత ఫైలు తప్ప ఇంకేమీ లేనివారికి దీపావళి రాత్రి సాక్ష్యం చెబుతుంది. 2025 అక్టోబరు 20న వీధిలో బాణసంచా రాత్రి ఎనిమిదిన్నరకు ఊపందుకుని ఉంటే, యూటీసీలో ఉన్న ఫైలు ఆ ఎగుడును మధ్యాహ్నం మూడింటికి చూపిస్తుంది.

సరిచేయడం సులువే. ఎక్సెల్‌లో సమయం ఉన్న నిలువు వరుస పక్కన కొత్త వరుస ఒకటి పెట్టి, పాత విలువకు 5.5/24 కలిపితే చాలు. ఎక్సెల్ రోజును ఒకటిగా లెక్కిస్తుంది కనుక ఐదున్నర గంటలు అందులో అంత భాగం. కొన్ని ఫైళ్లలో తేదీ బదులు 1730388600 లాంటి పది అంకెల సంఖ్య ఉంటుంది. అది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క. దాన్ని 86400తో భాగించి, 25569 కలిపి, ఆ మొత్తానికి 5.5/24 కలిపి, ఆ గడిని తేదీ రూపంలోకి మార్చితే, పై సంఖ్య 2024 అక్టోబరు 31 రాత్రి తొమ్మిది గంటలుగా బయటపడుతుంది. పదమూడు అంకెలు ఉంటే అవి మిల్లీసెకన్లు కనుక ముందుగా వెయ్యితో భాగించాలి. సమయం సరిచేసిన తరువాతే రోజువారీ సగటులు తీయండి. లేకపోతే అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర దాకా ఉన్న రీడింగులన్నీ ముందురోజు ఖాతాలో పడిపోతాయి.

ఇక గీత నున్నబడటం గురించి. అది గాలి బాగుపడటం కాదు, లెక్క మారటం. చాలా కంపెనీలు నిమిషానికొకటి చొప్పున వచ్చే రీడింగులను కొద్దికాలమే ఉంచి, తరువాత గంటల సగటుగానో రోజుల సగటుగానో కుదించేస్తాయి. దీని ప్రభావం ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. రోజంతా ఘనపు మీటరు గాలిలో 30 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉండే ఇంట్లో తాలింపు వల్ల ఇరవై నిమిషాలపాటు 180 ఉందనుకోండి. నిమిషాల ఫైలులో 180 కనిపిస్తుంది. ఆ గంట సగటు 80 అవుతుంది. రోజు సగటు మాత్రం 32 దగ్గర ఆగిపోతుంది. 32 అంకెను చూసిన డాక్టరు గారు వంటింటి గురించి అడగవలసిన ప్రశ్న అడగకపోవచ్చు. కాబట్టి సగటు ఎంతసేపటిదో ఎంచుకోమని ఎక్స్‌పోర్ట్ పుటలో అడిగితే అన్నిటికంటే చిన్నదే ఎంచుకోండి. ఇప్పటికే కుదించిన రోజుల వివరాలు తిరిగి రావు గనుక ఇకపై ప్రతి నెలా ఒకటో తేదీన ఫైలు దింపుకునే అలవాటు చేసుకోండి.

డాక్టరు గారికి వేల వరుసల కట్ట ఇవ్వకండి, ఎవరూ చదవరు. గంటల సగటుతో రోజుకొక వరుస చొప్పున రెండు నెలలకు పట్టిక వేసి, మీవారికి ఆయాసం వచ్చిన వేళలను ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఇవ్వండి. ఆ ఎర్ర గుర్తులు లేకపోతే మిగతా అంకెలకు పెద్ద ఉపయోగం లేదు. కరెంటు పోయినప్పుడూ వైఫై తెగినప్పుడూ ఖాళీ పడిన గడులను ఖాళీగానే ఉంచండి. కొన్ని యాప్‌లు అక్కడ సున్నా పెడతాయి, అలాంటి సున్నాలను తీసేయండి. మన జాతీయ వాయు నాణ్యత సూచీ కూడా రోజులో కనీసం 16 గంటల రీడింగులు లేనిదే ఆ రోజుకు లెక్క కట్టదు. మీరూ ఆ నియమమే పాటించవచ్చు.

ప్రశ్న: నా పరికరం యాప్‌లో 149 అని నారింజ రంగులో చూపిస్తున్న రోజే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్ మా ఊరి గాలి సంతృప్తికరం అంటోంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో ఏక్యూఐ (వాయు నాణ్యత సూచీ) వరుస మాత్రమే ఉంది. దేన్ని నమ్మాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, రెండూ నిజమే చెబుతూ ఉండవచ్చు. కిలోమీటర్లలో చెప్పిన దూరాన్నీ మైళ్లలో చెప్పిన దూరాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చినట్టుంది వ్యవహారం. విదేశీ పరికరాల యాప్‌లు చాలావరకు అమెరికా కొలబద్దను వాడతాయి. మన సూచీ 2015లో అమలులోకి వచ్చింది, దాని మెట్లు వేరు. ఘనపు మీటరు గాలిలో 55 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉందనుకోండి. అమెరికా లెక్కలో అది 149, సున్నితమైన ఆరోగ్యం ఉన్నవారికి మంచిది కాదనే మెట్టు. మన లెక్కలో అదే గాలి 92, సంతృప్తికరం. పైగా మన సూచీ 24 గంటల సగటు మీద ఆధారపడుతుంది. మీ పరికరం ఈ నిమిషపు రీడింగునే సూచీగా మార్చి చూపిస్తూ ఉండవచ్చు.

అందుకే పాత లెక్కలు దాచుకునేవారు ఏక్యూఐని దాచుకోకూడదని మా గట్టి అభిప్రాయం. దాచుకోవలసింది మైక్రోగ్రాములు. సూచీ అనేది మనుషులు కూర్చుని గీసిన మెట్లు, వాటిని అప్పుడప్పుడు సవరిస్తారు కూడా. అమెరికాలో 2024 మే నుంచి మంచి గాలి హద్దును 12 మైక్రోగ్రాముల నుంచి 9కి దించారు. దానితో 10 మైక్రోగ్రాముల గాలి ఏప్రిల్లో 42గా పచ్చరంగులో ఉండి, మే తరువాత 53గా పసుపులోకి వెళ్లింది. గాలి మారలేదు, గీత జరిగింది. మీ ఫైలులో ఏక్యూఐ ఒక్కటే ఉంటే, ఎక్స్‌పోర్ట్‌కు ముందు యాప్ సెట్టింగులలో పీఎం 2.5ను సూచీగా కాక మైక్రోగ్రాములలో చూపమని మార్చి మళ్లీ ప్రయత్నించండి. మైక్రోగ్రాములు చేతిలో ఉంటే మన ప్రమాణాలతో నేరుగా పోల్చుకోవచ్చు. 2009లో ప్రకటించిన మన జాతీయ ప్రమాణం 24 గంటల సగటుకు 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15.

సముద్రం పక్కన ఉన్నారు కనుక ఇంకొక మాట. ఇళ్లలో వాడే పరికరాలు లేజరు కాంతి ధూళి మీద పడి చెదిరే తీరును బట్టి బరువును అంచనా వేస్తాయే తప్ప తూకం వేయవు. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు ధూళికణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు తేమ వరుసను కూడా తప్పకుండా తీసుకోండి. మండలి స్టేషన్ల పాత లెక్కలు కూడా వారి వెబ్‌సైటులో దొరుకుతాయి. మీ ఊరి స్టేషనుతో ఒక నెల గంటల సగటులను పక్కపక్కన పెడితే, మీ పరికరం ఏ వేళల్లో ఎక్కువ చూపిస్తోందో మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: నాలుగేళ్లుగా వాడుతున్న పరికరం కంపెనీ తమ సర్వర్ను వచ్చే నెలాఖరున మూసేస్తామని మెయిల్ పంపింది. యాప్‌లో ఎక్స్‌పోర్ట్ మీట ఎక్కడా లేదు. స్క్రీన్‌షాట్లు తీసుకోవడమేనా?
– ఒక పాఠకుడు, మ్యూనిక్, జర్మనీ

జవాబు: మీరున్న చోట చట్టం మీ పక్షాన ఉంది. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం 20వ అధికరణం ప్రకారం, మీకు సంబంధించిన వ్యక్తిగత డేటాను యంత్రం చదవగలిగే రూపంలో ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. మామూలుగా నెలలోపు వారు స్పందించాలి, కాబట్టి ఈ జవాబు చదివిన రోజే మెయిల్ రాయండి. పరికరం క్రమసంఖ్య, ఖాతా మెయిల్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎంత చిన్న వ్యవధి రీడింగులు కావాలో స్పష్టంగా అడగండి. యాప్‌తో పాటు వెబ్‌సైటులో కూడా లాగిన్ అయి చూడండి, కొన్ని కంపెనీలు ఎక్స్‌పోర్ట్ మీటను అక్కడ మాత్రమే పెడతాయి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఇటువంటి హక్కును చేర్చలేదు. ఇక్కడి పాఠకులు పరికరం కొనేముందే ఎక్స్‌పోర్ట్ సంగతి, మెమరీ కార్డు సంగతి అడిగి తెలుసుకోవడం మేలు.

ప్రశ్న: ఫైలు తెరిస్తే పడకగది అని తెలుగులో పెట్టుకున్న గది పేరు పిచ్చిగీతలుగా వస్తోంది. రెండేళ్ల ఫైలులో చివరి రోజులు లేవు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరవకండి. ఎక్సెల్ తెరిచి, డేటా మెనూ ద్వారా ఆ ఫైలును రప్పించి, అది యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలనూ దాచగల సంకేత పద్ధతి) అని చెబితే పడకగది పడకగదిలాగే వస్తుంది. తేదీలో రోజు ముందా నెల ముందా అన్నది కూడా అక్కడే సరిచూసుకోండి. చివరి రోజులు పోవడానికి కారణం వేరు. ఎక్సెల్ పుటలో 10,48,576 వరుసలే పడతాయి. నిమిషానికొక రీడింగు చొప్పున ఏడాదికి 5,25,600 వరుసలు కనుక, రెండేళ్లు నిండడానికి రెండు రోజుల ముందే పుట నిండిపోతుంది. ఏడాదికొక ఫైలుగా దింపుకోండి.

ప్రశ్న: మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అందరూ తమ ఇళ్ల రీడింగుల ఫైళ్లు పెడుతున్నారు. నేనూ పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాదు

జవాబు: పీఎం 2.5 వరుస పెట్టండి. కార్బన్ డయాక్సైడు వరుసను, పరికరం క్రమసంఖ్యను తీసేసి పెట్టండి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడు సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాలలో 420) ఉంటుంది. తలుపులు మూసిన పడకగదిలో ఇద్దరు నిద్రపోతే తెల్లవారేసరికి వెయ్యి దాటడం మామూలే. అంకె సాయంత్రం ఆరింటికి పెరగడం మొదలైతే మీరు ఇల్లు చేరారని అర్థం. సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళితే ఆ గీత నాలుగు రోజులూ అడుగునే పడుకుని ఉంటుంది. మీరు ఎప్పుడు ఇంట్లో ఉండరో గ్రూపులోని రెండు వందల మందికీ తెలియనక్కరలేదు గదా.