కారు హెడ్‌లైట్లు ఎందుకు మసకబారతాయి? బాగుచేయొచ్చా?

ఇప్పటి కార్ల హెడ్‌లైట్ అద్దం నిజానికి పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఎండ నుంచి కాపాడటానికి దాని మీద పల్చటి కోటింగ్ ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకీ దుమ్ముకీ ఆ పొర అరిగిపోయాక ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. టూత్‌పేస్ట్‌తో రుద్దితే మెరుస్తుంది గానీ ఆ మెరుపు ఎక్కువ రోజులు నిలవదు.

సరిగ్గా చేయాలంటే చుట్టూ పెయింట్‌కి టేప్ అంటించి, నీళ్లు చల్లుతూ 1000, 2000, 3000 నంబరు వాటర్ పేపర్లతో (తడిపి రుద్దే గరుకు కాగితాలు) వరసగా రుద్ది పాలిష్ పెట్టాలి. ఆ తర్వాత యూవీ క్లియర్ కోట్ (ఎండ నుంచి కాపాడే పారదర్శక పూత) తప్పకుండా వేయండి. చాలామంది ఇదే వదిలేస్తారు, అందుకే కొన్ని నెలల్లో మళ్లీ మసక వచ్చేస్తుంది. బండిని నీడలో పెట్టడం, లైట్లకి పీపీఎఫ్ అనే పారదర్శక రక్షణ ఫిల్మ్ వేయించడం మంచిది.

లోపల తేమ పట్టి మసకైతే మాత్రం పైన ఎంత రుద్దినా లాభం లేదు, మెకానిక్‌కి సీల్ చూపించండి.