పీసీ విడిభాగాలు కొనే ముందు రిటర్న్ గడువు చూడండి

సందేహం: డాలస్ దగ్గర ఎం.ఎస్. చేయడానికి ఈమధ్యే వచ్చాను. గేమ్‌లకూ, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులకూ పనికొచ్చే డెస్క్‌టాప్ నేనే బిగించుకుందామని ఉంది. డీల్ వచ్చినప్పుడల్లా ఒక్కో భాగం కొని పక్కన పెట్టుకోనా? చదువయ్యాక ఇండియాకు తీసుకెళ్లొచ్చా?

జవాబు: ఒక్కోటీ కొని పక్కన పెట్టుకోవద్దు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా నష్టపోయేది అక్కడే. ఆగస్టులో కేబినెట్, అక్టోబరులో మదర్‌బోర్డు, బ్లాక్ ఫ్రైడేకి ప్రాసెసర్, క్రిస్మస్‌కి గ్రాఫిక్స్ కార్డు కొంటారు. జనవరిలో అన్నీ కలిపి స్విచ్ వేస్తే తెర మీద ఏమీ రాదు. తప్పు బోర్డుదా, ర్యామ్‌దా తేల్చాలంటే మరోటి పెట్టి చూడాలి. అప్పటికి దుకాణం వాపసు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇక మిగిలేది కంపెనీ వారంటీ. అంటే పార్సిల్ కట్టి పంపి, వారాల తరబడి ఎదురుచూడటం. ముందు డబ్బు కూడబెట్టుకోండి. అన్నీ ఒకే వారంలో కొని, ఆ శని ఆదివారాల్లో బిగించి, మరో వారం గట్టిగా వాడి చూడండి. ప్రాసెసర్, మదర్‌బోర్డులాంటి వాటికి వాపసు గడువు 15 రోజులే ఉండొచ్చు, బిల్లు వెనక చదవండి. అన్నీ సరిగ్గా నడిచేదాకా డబ్బాలూ, బిల్లులూ పారేయకండి.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో బేరమాడి, అక్కడే బిగించుకుని తెచ్చుకోవడం అలవాటైనవాళ్లకు ఇక్కడ రెండు తేడాలు కనిపిస్తాయి. రాసి ఉన్న ధర మన ఎమ్మార్పీలా అన్ని పన్నులూ కలిపింది కాదు. డాలస్‌లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం, కాబట్టి 1500 డాలర్ల సరుకుకు కౌంటర్ దగ్గర 124 డాలర్ల దాకా అదనం పడుతుంది. రెండోది, బేరం ఉండదు. దాని బదులు డాలస్‌లోని మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ దుకాణంలో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి బండిల్‌గా అమ్ముతుంటారు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, అందుకే ముందు బండిల్ ధరనే చూడండి.

మీ అవసరానికి ఏఎండీ ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డు, రైజెన్ 5 7600 ప్రాసెసర్, డీడీఆర్5 ర్యామ్ 32 జీబీ సరిపోతాయి. ఆ 32 జీబీని 16 జీబీ స్టిక్కులు రెండుగానే తీసుకోండి. నాలుగు స్టిక్కులు పెడితే ఏఎం5 మీద వేగం బాగా పడిపోతుంది. తర్వాత ఇంకో రెండు చేర్చుకుందాం అనే ఆలోచన ఇక్కడ అంతగా కలిసిరాదు. 6000 వేగం, సీఎల్30 (ర్యామ్ స్పందించడంలో ఆలస్యాన్ని చెప్పే అంకె) ఉన్న కిట్ దొరికితే చాలు, అంతకు మించి పెట్టిన డబ్బుకు తగ్గ తేడా కనపడదు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. మెషీన్ లెర్నింగ్ లైబ్రరీల్లో ఎక్కువ భాగం ముందుగా ఎన్విడియా కార్డుల సాఫ్ట్‌వేర్ క్యూడా (CUDA) మీదే సాఫీగా నడుస్తాయి, కాబట్టి కంపెనీ గురించి తర్జనభర్జన అక్కర్లేదు. మీ మెషీన్ లెర్నింగ్ మోడల్ ఆ కార్డు మెమరీలో పట్టకపోతే ఎంత వేగమైన చిప్ ఉన్నా ప్రయోజనం లేదు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అనే ఒకే పేరుతో 8 జీబీదీ, 16 జీబీదీ రెండూ అమ్ముతారు, డబ్బాలు కూడా ఒకేలా ఉంటాయి. 16 అని కళ్లతో చూశాకే బిల్లు కట్టండి. ఈ కార్డు లాగేది 180 వాట్లే. మంచి కంపెనీది 650 వాట్ల గోల్డ్ రేటింగ్ పవర్ సప్లయ్ చాలు. 1000 వాట్లది కొనమని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వినకండి.

బిగించే రోజు. చలికాలంలో హీటర్ నడిచే అపార్ట్‌మెంట్‌లో గాలి పొడిబారిపోతుంది. కార్పెట్ మీద సాక్సులతో నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది కదా, ఆ చురుకు బోర్డుకు తగలకూడదు. సాక్సులు విప్పేసి వంటింటి నేల మీద, చెక్క బల్ల దగ్గర పని చేయండి. పవర్ సప్లయ్‌ని ప్లగ్‌లో పెట్టి, దాని వెనక స్విచ్ ఆపేసి ఉంచి, మధ్యమధ్యలో దాని ఇనుప డొక్కును ముట్టుకుంటూ ఉండండి.

ఏఎం5లో సన్నటి పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు మీది సాకెట్‌లో ఉంటాయి. ప్రాసెసర్ మూల మీది చిన్న త్రిభుజం గుర్తును సాకెట్ గుర్తుతో కలిపి, నొక్కకుండా ఊరికే వదలండి. లివర్ దించేటప్పుడు కిర్రుమంటుంది, గట్టిగానే ఉంటుంది, భయపడక్కర్లేదు. పైనున్న నల్ల ప్లాస్టిక్ మూత దానంతటదే ఊడిపడుతుంది. దాన్ని దాచండి, బోర్డు వెనక్కి పంపాల్సి వస్తే అది లేకుండా తీసుకోరు. 7600తో పాటు వచ్చే కూలర్ అడుగున, వేడిని లాగే థర్మల్ పేస్ట్ ముందే రాసి ఉంటుంది, మళ్లీ రాయకండి. వేరే కూలర్ కొంటే అడుగున ప్లాస్టిక్ పొర ఉందేమో చూసి తీసేసి, బఠాణీ గింజంత పేస్ట్ మధ్యలో వేయండి. పొర తీయడం మరిచిపోతే నిమిషాల్లో వేడి 95 డిగ్రీలకు చేరి వేగం పడిపోతుంది.

ర్యామ్‌ను ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో గాడుల్లో టక్కుమనేదాకా నొక్కండి. బోర్డు పైమూల ఉన్న 8 పిన్నుల సాకెట్‌కు ప్రాసెసర్ కేబుల్ పెట్టాలి. అది 4+4గా చీలుతుంది. గ్రాఫిక్స్ కార్డుది 6+2గా చీలుతుంది. చూడటానికి ఒకటే అనిపిస్తాయి, బలవంతాన ఒకదాని బదులు ఇంకోటి దూర్చకండి. స్నేహితుడి దగ్గరున్న పాత పవర్ సప్లయ్ కేబుళ్లు కూడా వాడొద్దు. పవర్ సప్లయ్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకంగా ఉంటుంది, హార్డ్ డ్రైవులు ఒక్క క్షణంలో పోతాయి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి, బోర్డు మీద ర్యామ్ దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. కొత్తవాళ్లు కంగారుపడేది ఇక్కడే. డీడీఆర్5 మెమరీని బోర్డు పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. పావుగంట కదపకండి. అప్పటికీ రాకపోతే మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా, బోర్డుకు పెట్టారా చూడండి. ఆ తర్వాత ఒక్క స్టిక్కుతో ప్రయత్నించండి. తెర వచ్చాక బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెరలో) ర్యామ్‌ను దాని పూర్తి వేగంలో నడిపే ఎక్స్‌పో ఆన్ చేయండి, లేకపోతే 6000కు డబ్బు కట్టి 4800లోనే నడుపుకుంటారు.

విండోస్ 11 పెట్టేటప్పుడు ఇంటర్నెట్ అడుగుతుంది, కొత్త బోర్డుల వైఫైకి అందులో డ్రైవర్ ఉండకపోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే గండం గడుస్తుంది. లైసెన్సు కొనే ముందు యూనివర్సిటీ ఐటీ వాళ్లను అడగండి, చాలాచోట్ల విద్యార్థులకు ఉచితంగా ఇస్తారు.

బెడ్‌రూమ్ సాకెట్లన్నీ సాధారణంగా ఒకే 15 ఆంప్ బ్రేకర్ మీద ఉంటాయి. 120 వోల్టుల దగ్గర అది 1800 వాట్లు. రూమ్మేట్ 1500 వాట్ల రూమ్ హీటర్ అదే లైన్ మీద వేస్తే, మీ మోడల్ ట్రైనింగ్ మధ్యలో బ్రేకర్ పడిపోతుంది. తప్పు పీసీది కాదు. హీటర్‌ను హాల్లోకి మార్పించండి. డెస్క్‌టాప్‌ను కార్పెట్ మీద కాకుండా ఒక పలక మీద పెట్టండి, చాలా కేబినెట్లలో పవర్ సప్లయ్ అడుగు నుంచే గాలి పీల్చుకుంటుంది.

ఇక ఇండియా ప్రయాణం. పవర్ సప్లయ్ మీద 100-240 అని రాసి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, అక్కడ మూడు పిన్నుల కొత్త తీగ కొంటే సరి. ఇక్కడి సర్జ్ ప్రొటెక్టర్‌నూ, యూపీఎస్‌నూ మాత్రం తీసుకెళ్లకండి, 120 వోల్టులవి 230 మీద కాలిపోతాయి. గ్రాఫిక్స్ కార్డునూ, డ్రైవునూ విప్పి చేతి సామానులో పెట్టుకోండి. కార్డు బోర్డుకే ఉండి చెక్-ఇన్‌లో వెళ్తే దాని బరువుకు గాడి విరగొచ్చు. 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్ మీద కస్టమ్స్ సుంకం ఉండదు గానీ, డెస్క్‌టాప్ భాగాలకు ఆ మినహాయింపు లేదు. అవి సుంకం లేకుండా తెచ్చుకోగల మామూలు సామాను పరిమితిలోకే వస్తాయి, కాబట్టి పాత బిల్లులు దగ్గర పెట్టుకోండి. "అన్నా, వచ్చేటప్పుడు ఒక గ్రాఫిక్స్ కార్డు పట్టుకురా" అని అడిగే తమ్ముళ్లకు కూడా ఈ సంగతి చెప్పండి. సీలు తీయని కార్డుకు సుంకం కట్టాల్సి రావచ్చు, పైగా చాలా కంపెనీలు ఇక్కడ కొన్న కార్డుకు అక్కడ వారంటీ ఇవ్వవు. కేబినెట్, మానిటర్ ఇక్కడే జూనియర్లకు అమ్మేయడం మేలు.