నిక్ సేబన్ టైటిళ్లు: 6 సరైనదా, 7 సరైనదా?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌గా పేరొందిన నిక్ సేబన్ గెలిచిన జాతీయ టైటిళ్లు ఒకచోట 6 అని, మరోచోట 7 అని కనిపిస్తున్నాయనీ, సంవత్సరాలూ పొసగడం లేదనీ మీరు అడిగారు. రెండు అంకెలూ సరైనవే. 2003 సీజన్ టైటిల్‌ను ఆయన లూసియానా స్టేట్ యూనివర్సిటీ కోచ్‌గా గెలిచారు; మిగిలిన 6 టైటిళ్లు (2009, 2011, 2012, 2015, 2017, 2020) అలబామా యూనివర్సిటీలో వచ్చినవి.

సంవత్సరాల తేడాకు కారణం, సీజన్ ఆగస్టు చివర్లో మొదలైనా ఫైనల్ మరుసటి జనవరిలో జరగడమే. 2017 సీజన్ ఫైనల్ జరిగింది 2018 జనవరి 8న. ఆ రాత్రి జార్జియా చేతిలో 13-0తో వెనుకబడి ఉండగా, సేబన్ విరామంలో క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ప్రధాన ఆటగాడు) జేలెన్ హర్ట్స్‌ను పక్కనపెట్టి, తొలి ఏడాది విద్యార్థి తువా టాగోవైలోవాను దింపారు; అదనపు సమయంలో అతడు విసిరిన 41 గజాల పాస్‌తో అలబామా 26-23తో గెలిచింది. నా దృష్టిలో ఆయన తీసుకున్న నిర్ణయాలన్నిటిలోకీ సాహసోపేతమైనది ఇదే.

ఆయన గెలిచిన మొత్తం మ్యాచ్‌ల సంఖ్యలోనూ మీకు 5 తేడా కనిపించవచ్చు. కొందరు క్రీడాకారులు ఉచిత పాఠ్యపుస్తకాల సదుపాయాన్ని దుర్వినియోగం చేసినందుకు, అలబామాలో ఆయన తొలి సీజన్ అయిన 2007లోని 5 విజయాలను తర్వాత అధికారిక రికార్డు నుంచి తొలగించారు.