నాన్నగారు ఆ ఫోన్ ఎందుకు ముట్టుకోవడం లేదు?

ప్రశ్న: మాది నరసరావుపేట. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను, నాకో పాప ఉంది. నాన్నగారికి 72 ఏళ్లు, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక ఒక్కరే ఉంటున్నారు. పోయినేడాది మంచి స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాను. పాలవాడికి పంపాల్సిన 2,000 రూపాయలు ఒకసారి పొరపాటున వేరే ఎవరికో వెళ్లాయి. నేను కాస్త గట్టిగానే అరిచాను. అప్పటి నుంచి ఆ ఫోన్‌ని టవల్లో చుట్టి బీరువాలో పెట్టేశారు. పాత బటన్ల ఫోనే వాడుతున్నారు. కరెంటు బిల్లుకీ బ్యాంకుకీ ఎండలో తిరుగుతున్నారు. చెబితే 'నాకెందుకురా ఇవన్నీ' అంటారు. సర్వీసు చివర్లో టిమ్స్ మెషిన్‌తో చకచకా టికెట్లు కొట్టిన మనిషే! నాకు టెన్షన్‌గా ఉంది. ఈ మొండితనాన్ని ఎలా మార్చాలి?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ నేను ఆ టవల్ దగ్గర ఆగిపోయాను. అక్కర్లేని వస్తువును ఎవరూ టవల్లో చుట్టి బీరువాలో పెట్టరు. కొడుకు కొనిచ్చింది పాడవకూడదని ఆయన దాచారు. దాన్ని మొండితనం అనడానికి నాకు మనసు రావడం లేదు.

కండక్టర్‌కి డబ్బు లెక్క తప్పడమంటే ఏమిటో మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. డ్యూటీ దిగి డిపోలో కట్టేటప్పుడు పది రూపాయలు తగ్గినా సొంత జేబులోంచి వేసుకోవాలి. జీవితమంతా అలా లెక్క అప్పజెప్పిన మనిషి చేతిలో 2,000 తప్పిపోయాయి. పైగా కొడుకు చేత మాట పడ్డారు. డబ్బు పోయినందుకంటే ఆ మాటకే ఆయన ఎక్కువ బాధపడి ఉంటారు.

టిమ్స్ మెషిన్ సంగతి మీరే రాశారు. దాన్ని ఆయన ఎలా నేర్చుకున్నారో ఆలోచించండి. అది లేకపోతే పని జరగదు. తోటి కండక్టర్లందరూ అదే సమయంలో నేర్చుకున్నారు. తడబడితే అడగడానికి డిపోలో మనుషులున్నారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆయనా, ఆ ఫోనూ తప్ప ఎవరున్నారు?

మనుషులు కొత్త సాధనాన్ని ఎప్పుడు ఒప్పుకుంటారన్నదానికి 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు రెండు విషయాలు చెప్పాడు: నాకు పనికొస్తుందన్న నమ్మకం, వాడటం తేలికన్న నమ్మకం. తర్వాత హాంకాంగ్‌లో 55 దాటిన వెయ్యి మందికి పైగా పెద్దవాళ్లను అడిగి చూశారు. 2014లో వచ్చిన ఆ అధ్యయనంలో, ఈ రెండింటికన్నా 'నేను చేయగలను' అన్న ధైర్యం, తప్పు చేస్తానేమోనన్న భయం, ఆరోగ్యం, పక్కన సాయం ఉండటం ఎక్కువ ప్రభావం చూపాయని తేలింది. మీ నాన్నగారికి ఆ ధైర్యమూ, పక్కన సాయమూ రెండూ ఒకేసారి పోయాయి.

అందుకని ముందు ఊరెళ్లండి. ఈ మాట ఫోన్లో చెప్పొద్దు. ఎదురుగా కూర్చుని 'ఆ రోజు నేను అలా అరిచి ఉండకూడదు నాన్నా, నా వల్ల కూడా తప్పులు జరుగుతాయి' అనండి. అక్కడితో ఆపేయండి. ఆ వెంటనే ఫోన్ సంగతి ఎత్తకండి.

నేర్పే రోజు వచ్చినప్పుడు ఆయన చెయ్యి గమనించండి. వయసు మీద పడ్డాక వేళ్లు పొడిబారతాయి, తాకితే స్క్రీన్ ఒక్కోసారి పలకదు. పలకలేదని గట్టిగా నొక్కి పట్టుకుంటారు. నొక్కి పట్టుకుంటే ఫోన్ ఇంకేదో చేస్తుంది: ఒక మెనూ తెరుచుకుంటుంది, గుర్తు పక్కకి జరిగిపోతుంది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి తీసేస్తారు. మనం 'ఇటివ్వండి' అని లాక్కుని రెండు సెకన్లలో చేసిచ్చేస్తాం. ఇలా నాలుగుసార్లు జరిగితే ఎవరైనా టవల్లో చుట్టి పెట్టేస్తారు. మీ చేతులు మీ ఒళ్లోనే ఉంచుకోండి. పది నిమిషాలు పట్టనివ్వండి. సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసి, భాష తెలుగుకి మార్చి, నొక్కి పట్టుకునే సమయం పెంచండి. కళ్లజోడు పవర్ కూడా ఒకసారి చూపించండి.

డబ్బుతో మాత్రం మొదలుపెట్టొద్దు. ఆయనకి ఏది ఇష్టమో అది ముందు. మనవరాలి ముఖం చూడటమా, పాత డిపో స్నేహితులతో వాట్సాప్‌లో మాట్లాడటమా? ఆ స్నేహితుల్లో ఫోన్ బాగా వాడేవారు ఒకరుంటే మీకంటే ఆయనే మంచి గురువు. ఈడువాడి దగ్గర తప్పు చేస్తే నామోషీ ఉండదు. అడుగులన్నీ ఆయన చేతే, ఆయన మాటల్లోనే ఒక నోట్‌బుక్కులో రాయించండి.

ధైర్యం వచ్చాక యూపీఐ. పెన్షన్ వచ్చే ఖాతాకి దాన్ని ముడిపెట్టకండి. వేరే చిన్న ఖాతా తెరిచి రెండు మూడు వేలు వేయండి, తప్పు జరిగినా అంతకు మించి పోదు. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదని, పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే 'డిజిటల్ అరెస్ట్' అనేది చట్టంలో లేనే లేదని, మోసం అనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ఆ నోట్‌బుక్కు మొదటి పేజీలో రాయించండి. ఆయన భయంలో కొంత న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. పీఎఫ్ పెన్షన్ అయితే లైఫ్ సర్టిఫికెట్ కూడా జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వొచ్చు. వేలిముద్రలు అరిగి పడని పెద్దవాళ్లకు అదెంత ఊరటో!

ఇంకొక్క మాట. బ్యాంకుకి నడిచి వెళ్తే దారిలో నలుగురు పలకరిస్తారు. అమ్మగారు లేని ఇంట్లో ఆయనకి ఆ పలకరింపులు చాలా అవసరం. కరెంటు బిల్లు కౌంటర్లోనే కడతానంటే కట్టనివ్వండి, ఎండ ఎక్కకముందే వెళ్లమని చెప్పండి చాలు. బీరువాలో ఉన్న ఫోన్‌ని మాత్రం మీరు తీసి చేతికివ్వకండి. స్నేహితుడి ఫోన్లో మనవరాలు కనిపించిన రోజున ఆయనే తీస్తారు.